హజ్రత్ ఈసా (అ) రాకడ – విశ్వాసి సంసిద్ధత

నంద్యాల, ఆళ్లగడ్డ పరిసరాలలో మూడు విధాల ఎదురుచూపులు ఇరుగుపొరుగుగా జీవిస్తున్నవి. బనగానపల్లె రవ్వలకొండ గుహలలోను, ఆళ్లగడ్డకు దక్షిణాన ఉన్న కందిమల్లాయపల్లె మఠంలోను పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామిని కొలిచేవారు, ఆయన వీరభోగ వసంతరాయలుగా మరల వస్తాడని నమ్ముతారు. ఆయన ప్రియశిష్యుడు సిద్ధయ్య ముడుమాలలో దూదేకుల ముస్లిం కుటుంబంలో పుట్టినవాడని సంప్రదాయం చెబుతుంది గనుక ఈ కథ ఇక్కడి ముస్లిములకు పరాయిది కాదు. రెండవ ఎదురుచూపు క్రైస్తవులది: యేసుక్రీస్తు మహిమతో తిరిగి వస్తాడని వారి విశ్వాసం. మూడవది ముస్లిములది: హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) ప్రళయానికి ముందు ఆకాశం నుండి దిగివస్తారని అహ్లె సున్నత్ పండితులలో అత్యధికులు అంగీకరించిన విశ్వాసం.

ఈ మూడింటిలో చివరి రెండు ఒకే మహనీయుని పేరుతో ముడిపడి ఉన్నవి. అయినప్పటికీ ఒకరి విశ్వాసం మరొకరికి తెలిసినది తక్కువ. మసీదు వీధిలోని వాడు చర్చి వీధిలోని వాని ఎదురుచూపును విని నవ్వి ఊరుకుంటాడు. లేదా తన మతగ్రంథాలలో అదే ప్రస్తావన ఉన్నదని తెలిసి ఆశ్చర్యపడతాడు. ఎదురుచూడటం అంటే ఏమిటి, అది మనిషి చేత ఏమి చేయించాలి అన్న ప్రశ్న మాత్రం ఇద్దరి ముందూ సమానంగానే నిలిచి ఉన్నది. ఆ ప్రశ్నను విపులంగా పరిశీలించవలసిన అవసరం కలదు.

క్రైస్తవుల ఆగమనకాలం

ఈ ప్రాంతంలోని ప్రొటెస్టెంటు సంఘాలలో పెక్కు, 1701లో లండనులో స్థాపితమైన ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషనరీ సంస్థ 19వ శతాబ్దిలో చేసిన కృషి ఫలితంగా ఏర్పడినవి. చాగలమర్రి సమీపంలోని ముత్యాలపాడు, కడప సీమలోని కలసపాడు, ఆ తరువాత నంద్యాల దాని కేంద్రాలయినవి. ఆ సంస్థ మాట విన్నవారు ఎక్కువగా మాలపల్లెల ప్రజలు. ఊరి బావి వద్దకు రానివ్వబడనివారు. 1876–78 నాటి మహాక్షామం కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలను దారుణంగా పీడించినది. కన్నీరు తుడిచే దేవుడు, ఆకలి లేని లోకం అనే మాటలు వారి చెవికి ఎట్లా వినిపించి ఉంటాయో ఊహించటం కష్టం కాదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అనేకులు అందులో చేరలేదు. 1970వ దశకంలో గాని వారి కలయిక జరుగలేదు. నేడు నంద్యాల ఒక డయాసిస్ కేంద్రం. దాని ప్రధాన దేవాలయం పేరు పరిశుద్ధ సిలువ దేవాలయం. ఈ సంఘాల పంచాంగంలో క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఆగమనకాలం. ఆ దినాలు కేవలం పండుగ ఏర్పాట్లకు ఉద్దేశించినవి కావు. మరణం, తీర్పు, స్వర్గం, నరకం అనే నాలుగు విషయాలపై బోధించటం ఆ కాలపు పాత ఆచారం. క్రీస్తు మొదటి రాకను స్మరిస్తూ, రెండవ రాకకు సిద్ధపడటం దాని భావం.

ఒకే మాట – వేరు వేరు అర్థాలు

ఇక్కడ భాష వలన కలిగే కొన్ని చిక్కులు గమనింపదగినవి. తెలుగు బైబిలు ‘రాకడ’ అంటుంది. అరబ్బీలోని ‘నుజూల్’ అనే పదానికి దిగుట అని అర్థం. దానిని ‘అవతరణ’ అని అనువదిస్తే తెలుగువారి మనస్సులో దశావతారాలు మెదులుతాయి. దేవుడే మనిషిగా వచ్చాడన్న భావం కలుగుతుంది. ఇస్లాం దృష్టిలో హజ్రత్ ఈసా (అ) దైవదాసుడు, ప్రవక్త. దిగివచ్చేది ఆయనే గాని దేవుడు కాదు. అందువలన ‘దిగిరాక’ అనటమే క్షేమం.

‘పరలోకం’ మాట మరింత చిత్రమైనది. తెలుగు క్రైస్తవునికి పరలోకం అంటే స్వర్గం. తెలుగు ముస్లిం రచనలలో పరలోకం అంటే ఆఖిరత్. అందులో లెక్క, తీర్పు, స్వర్గం, నరకం అన్నీ ఇమిడి ఉన్నవి. ‘పరలోకానికి పోతాడు’ అని క్రైస్తవుడు అంటే ముక్తి పొందుతాడని భావం. ముస్లిం అంటే తీర్పుకు నిలబడతాడని భావం. ‘స్వర్గం’ అన్నా హిందూ సోదరునికి పుణ్యం తరిగిపోగానే విడువవలసిన చోటు. క్రైస్తవ ముస్లిములకు శాశ్వత నివాసం. ‘ప్రళయం’ అన్నా ఒకరికి సృష్టిచక్రంలో ఒక మలుపు. మరొకరికి మరల తిరిగిరాని చివరి దినం. మాట ఒకటే గనుక అర్థం కూడా ఒకటే అనుకుని వాదులాడేవారు ముందుగా ఈ భేదాలను తెలుసుకోవాలి.

ఇస్లాం ఏమి చెబుతున్నది?

దివ్య ఖుర్ఆన్ ‘నిసా’ సూరాలో 157వ ఆయతు నుండి 159వ ఆయతు వరకు హజ్రత్ ఈసా (అ) చంపబడలేదని, సిలువ వేయబడలేదని, అల్లాహ్ ఆయనను తనవైపునకు ఎత్తుకొన్నాడని చెప్పబడినది. ‘జుఖ్రుఫ్’ సూరా 61వ ఆయతు ఆయనను ప్రళయఘడియకు సంబంధించిన జ్ఞానంగా పేర్కొన్నది. మరొక పఠనం ప్రకారం చిహ్నంగా పేర్కొన్నది. అయితే విస్తృతమైన వివరాలు హదీసులలో లభిస్తాయి. ఆయన దమిష్క్‌కు తూర్పున తెల్లని మీనారు వద్ద దిగుతారని, దజ్జాల్‌ను లుద్ద్ ద్వారం వద్ద సంహరిస్తారని సహీహ్ ముస్లింలో ఉన్నది. నమాజుకు ముందు నిలువుమని ముస్లిముల నాయకుడు కోరగా ఆయన నిరాకరించి, ఈ సముదాయపు వారే ఒకరికొకరు నాయకులని చెబుతారని అదే గ్రంథంలోని మరొక ఉల్లేఖనం. అబూదావూద్ గ్రంథం ప్రకారం ఆయన నలుబది సంవత్సరాలు భూమిపై ఉండి మరణిస్తారు. ముస్లిములు ఆయన జనాజా నమాజు చేస్తారు.

ఈ హదీసులు అనేక మార్గాల ద్వారా వచ్చినవని నిరూపించటానికి దేవబంద్ పండితుడు మౌలానా అన్వర్ షా కశ్మీరీ (ర) ప్రత్యేకంగా ఒక అరబ్బీ గ్రంథమే కూర్చారు. 1942లో ఈజిప్టు పండితుడు షేఖ్ మహ్మూద్ షల్తూత్ దీనిని తప్పనిసరి విశ్వాసంగా నిర్ధారించే నిశ్చిత ప్రమాణం లేదని అభిప్రాయపడగా, ఆనాటి పెక్కుమంది ఉలమా దానిని ఖండించారు. అత్యధికుల మతం దిగిరాక సత్యమన్నదే.

క్రైస్తవ విశ్వాసంతో భేదం ఇక్కడ స్పష్టమవుతున్నది. వారి విశ్వాస ప్రమాణం ప్రకారం క్రీస్తు జీవించినవారికిని మృతులకును తీర్పు తీర్చటానికి వస్తాడు. ఇస్లాం ప్రకారం తీర్పరి అల్లాహ్ ఒక్కడే. ‘మాయిదా’ సూరా చివరి ఆయతులలో హజ్రత్ ఈసాయే (అ) ఆ న్యాయస్థానంలో ప్రశ్నింపబడటం, తనను పూజింపుమని తాను ఎన్నడూ బోధించలేదని ఆయన విన్నవించుకోవటం కనబడుతుంది. ఈ భేదాన్ని దాచటం స్నేహం అనిపించుకోదు. దీనిని పగగా మార్చుకోవటం ధర్మం అనిపించుకోదు.

సిలువను గూర్చిన హదీసు

హజ్రత్ ఈసా (అ) వచ్చి సిలువను విరుస్తారని, పందిని చంపుతారని, జిజ్యాను రద్దు చేస్తారని సహీహ్ బుఖారీలో ఉన్నది. పరిశుద్ధ సిలువ పేరు పెట్టుకున్న దేవాలయం గల ఊరిలో ఈ హదీసును అజాగ్రత్తగా చెబితే ఎంతటి అనర్థం కలుగుతుందో ఆలోచించాలి. ఆ హదీసు ఒక ప్రవక్త తన దిగిరాక అనంతరం చేయబోయే కార్యాన్ని తెలుపుతున్నది. సాధారణ ముస్లిముకు అధికారమేదీ ఇవ్వటం లేదు. సిలువ విశ్వాసం సత్యం కాదని, ఎవరి పేరుతో అది నిలిచినదో ఆయనే తెలియజేస్తారని వ్యాఖ్యాతలు దాని సారాంశాన్ని వివరించారు.

నేటి ముస్లిముకు వర్తించే ఆదేశం వేరుగా ఉన్నది. ‘హజ్’ సూరా 40వ ఆయతు క్రైస్తవ మఠాలను, చర్చీలను, యూదుల ప్రార్థనాలయాలను, మసీదులను ఒకే వరుసలో చేర్చి, అవి కూల్చబడకుండా అల్లాహ్ మనుష్యుల ద్వారానే కాపాడుతున్నాడని తెలుపుతున్నది. నజ్రాన్ క్రైస్తవుల బృందం మదీనాకు వచ్చినప్పుడు వారు మస్జిదె నబవీలోనే తమ పద్ధతిలో ప్రార్థించుకున్నారని, సహాబీలు అభ్యంతరపెట్టబోగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారని ఇబ్నె ఇస్‌హాఖ్ ఉల్లేఖించాడు. హజ్రత్ ఈసా (అ) చేయవలసిన పనిని తన చేతిలోకి తీసుకోబోయేవాడు ఎదురుచూసేవాడు కాడు, హద్దు మీరినవాడు.

తేదీలు లెక్కించినవారి గతి

ఎదురుచూపు దారి తప్పే మార్గాలలో తేదీలు కట్టటం ఒకటి. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుని అనుచరులు 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని నమ్మారు. కొందరు రైతులు పొలంలోని పంటను కోయకుండా వదిలివేశారు. ఆ రోజు గడిచినది; మరునాటి సూర్యోదయం వారికి సిగ్గునూ దుఃఖాన్నీ మిగిల్చినది.

ముస్లిముల చరిత్రలోని ఉదాహరణ మరింత బాధాకరమైనది. హిజ్రీ 1400 ముహర్రం మొదటి తేదీన, అనగా 1979 నవంబరు 20న, జుహైమాన్ అల్ ఉతైబీ అనేవాడు తన అనుచరులతో మక్కాలోని మస్జిదె హరామ్‌ను ఆక్రమించి, తన బావమరిదిని మహదీగా ప్రకటించాడు. సుమారు రెండు వారాల పాటు పవిత్ర హరమ్‌లో కాల్పులు జరిగినవి. వందలాది మంది ప్రాణాలు కోల్పోయారు. మహదీ అని చెప్పబడినవాడు కూడా వారిలో ఒకడు. ప్రవక్త చెప్పిన చిహ్నాలను తామే బలవంతంగా నెరవేర్చబోయినవారు, పక్షిని సైతం బెదరగొట్టరాని చోట మనుష్యుల రక్తం చిందించారు.

చిన్న రూపంలో ఈ జబ్బు ఊరూరా ఉన్నది. 2020లో కరోనా వ్యాపించినప్పుడు కాలజ్ఞానంలో అది ముందే చెప్పబడినదని ప్రచారం జరిగినది. అన్ని మతాలవారి ఫోన్లలోను అంత్యకాల చిహ్నాల సందేశాలు తిరిగినవి. అయితే రెండు గ్రంథాలూ ఈ విషయంలో ఏకకంఠంతో హెచ్చరించినవి. ఆ దినం, ఆ ఘడియ దేవదూతలకు గాని కుమారునికి గాని తెలియదని, తండ్రికి మాత్రమే తెలుసునని ఇంజీలు పుస్తకాలలో ఉన్నది. ప్రళయఘడియ ఎప్పుడని జిబ్రీల్ (అ) అడిగినప్పుడు, అడిగినవానికంటె అడగబడినవానికి ఎక్కువ తెలియదని దైవప్రవక్త (స) జవాబిచ్చారు. దైవదూతకూ ప్రవక్తకూ తెలియనిది ఫోనులో సందేశం పంపినవానికి తెలుసునా?

సంసిద్ధత అంటే ఏమిటి?

ఒక గ్రామీణుడు వచ్చి, ప్రళయం ఎప్పుడని దైవప్రవక్తను (స) ప్రశ్నించాడు. ఆయన తేదీ చెప్పలేదు, చిహ్నాలనూ వివరించలేదు. దానికోసం నీవేమి సిద్ధం చేసుకున్నావని ఎదురు ప్రశ్న వేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోను ఉన్న ఈ సంఘటన మొత్తం విషయానికి తాళపుచెవి వంటిది. హజ్రత్ ఈసా (అ) దిగిరాకను చూచే భాగ్యం ఏ తరానికి ఉన్నదో ఎవరికీ తెలియదు. మరణం మాత్రం ప్రతి ఒక్కరికీ ఉన్నది. ఎవని మరణం వానికి ప్రళయపు తొలి మెట్టు.

ఆ సిద్ధపాటు కేవలం తస్బీహ్ తిప్పటంతో ముగియదు. అప్పుపడి మరణించిన ఒకని జనాజా నమాజు చేయించటానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (ర) ఆ అప్పుకు తాను పూచీపడిన తరువాతనే చేయించారు. అంగడిలో చేబదులుగా తెచ్చిన సొమ్ము, ప్రోనోటుపై సంతకం చేసి మరచిన బాకీ, కౌలు రైతుకు ఇవ్వవలసిన పంట భాగం – ఇవన్నీ సంసిద్ధతకు సంబంధించినవే. నికాహ్ సభలో పదిమంది ముందు ఒప్పుకున్న మహర్‌ను ఏండ్ల తరబడి చెల్లించక, చివరకు భర్త శవం ఎదుట నిలబెట్టి మాఫ్ చేయుమని భార్యను అడిగించే దురాచారం పెక్కు ఇండ్లలో ఉన్నది. దుఃఖంలో ఉన్న స్త్రీ ఆ సమయంలో కాదనగలదా? ఆ మాఫీని అల్లాహ్ సన్నిధిలో ఏ మొగంతో చూపించగలరు? అక్కచెల్లెళ్లకు ఖుర్ఆన్ నిర్ణయించిన వాటాను, పెండ్లికి ఖర్చు చేశామన్న సాకుతో ఎగవేయటం కూడా ఇటువంటిదే.

వ్రాయవలసిన వీలునామా ఏదైనా ఉన్నవాడు దానిని వ్రాసి దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులైనా గడపరాదని దైవప్రవక్త (స) ఉపదేశించగా, ఆ మాట విన్న నాటినుండి తాను ఒక్క రాత్రి కూడా అట్లా గడపలేదని హజ్రత్ ఇబ్నె ఉమర్ (ర) చెప్పారు. ఇదీ ఎదురుచూపు. ఆకాశం వంక కండ్లు కాయలు కాసేటట్లు చూడటం కాదు, పద్దు పుస్తకం తెరచి చూచుకోవటం.

క్రైస్తవ గ్రంథాలు కూడా ఈ అర్థాన్నే బలపరుస్తున్నవి. థెస్సలొనీకలో కొందరు క్రీస్తు రాకడ సమీపించినదని పనులు మానివేయగా, పని చేయనివాడు తినరాదని పౌలు మందలించాడు. పదిమంది కన్యకల ఉపమానంలో పెండ్లికుమారుని రాక ఆలస్యమైనప్పుడు అందరికీ కునుకు పట్టినది. తేడా వచ్చినది దివిటీలలోని నూనె వద్ద.

ఇక ముస్లిముకు ఇవ్వబడిన ఆదర్శం మరింత గంభీరమైనది. చేతిలో మొక్క ఉండగా ప్రళయం ముంచుకువచ్చినా, నాటగలిగితే నాటుమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు ముస్నద్ అహ్మద్‌లోను, ఇమాం బుఖారీ గారి అల్ అదబుల్ ముఫ్రద్‌లోను ఉన్నది. బనగానపల్లె మామిడి పుట్టిన సీమ రైతుకు దీనిని వివరించనక్కరలేదు. మామిడి మొక్క నాటినవాడు కాయకోసం ఏండ్లు వేచి ఉండాలి. తోపు నిండుగా ఎదిగేనాటికి దానిని అనుభవించేది బిడ్డలు. తినేవాడే మిగలని ఘడియలో సైతం నాటుమన్నారంటే, ఫలం కంటికి కనబడకపోయినా చేయవలసిన మంచి పని ఆగరాదన్నమాట.

తీర్పుదినం నాటి ప్రశ్న

ఈ సందర్భంలో ఒక గొప్ప సామ్యం ఉన్నది. మత్తయి వ్రాసిన ఇంజీలు 25వ అధ్యాయంలో, తీర్పు తీర్చే రాజు ఆకలిగొన్నవారికి పెట్టిన అన్నాన్ని, రోగికి చేసిన పరామర్శను తనకే చేసినట్లు లెక్కిస్తాడు. సహీహ్ ముస్లింలోని హదీసె ఖుద్సీలో అల్లాహ్ తన దాసుని ప్రశ్నిస్తాడు: తాను రోగినైతే ఎందుకు చూడరాలేదని, ఆకలిగొంటే ఎందుకు అన్నం పెట్టలేదని, దప్పిగొంటే ఎందుకు నీరివ్వలేదని. సర్వలోకప్రభువుకు ఆకలి ఏమిటని దాసుడు విస్తుపోగా, ఫలానా దాసుడు అడిగినప్పుడు పెట్టి ఉంటే దానిని తన వద్ద పొంది ఉండేవాడవని జవాబు వస్తుంది.

క్షామంలో ఎముకల గూడులై నడిచిన మనుష్యుల నేలపై ఈ మాట ఒట్టి ఉపదేశం కాదు. ఆ ఆకలిగొన్నవాని కులం, మతం ఏమిటన్న విచారణ ఆ హదీసులో లేదు.

స్వర్గానందం

స్వర్గం పేరు చెప్పగానే సెలయేళ్లు, తోటలు, పండ్లు మాత్రమే పెక్కుమందికి తోస్తాయి. ఖుర్ఆన్ వాటిని వర్ణించినది నిజమే. కాని ‘సజ్దా’ సూరా 17వ ఆయతు ఆ లోకంలో దాచబడిన కనుల చలువ ఎట్టిదో ఏ ప్రాణికీ తెలియదని చెబుతున్నది. కన్ను చూడనిది, చెవి వినబడనిది, మనిషి హృదయంలో తోచనిది అక్కడ సిద్ధంగా ఉన్నదని హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖించిన హదీసు. కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో పౌలు చెప్పినది దీనికి ఎంతో దగ్గరగా ఉన్నది.

అన్ని సుఖాలకు మించినదేమిటో హజ్రత్ సుహైబ్ (ర) ఉల్లేఖించారు: తెర తొలగి తమ ప్రభువును దర్శించుకోవటం కంటె ప్రియమైనది స్వర్గవాసులకు మరొకటి ఉండదు. ఆ ప్రవేశానికి ముందు జరిగే ఒక పనిని కూడా ‘హిజ్ర్’ సూరా 47వ ఆయతు తెలిపినది: వారి హృదయాలలోని కసి తొలగింపబడుతుంది, వారు సోదరులై ఎదురెదురుగా కూర్చుంటారు. అనగా పగ పెట్టుకున్న గుండె స్వర్గంలో ఇమడదు.

దైవప్రవక్త (స) ఒకసారి, ఇప్పుడొక స్వర్గవాసి రాబోతున్నాడని చెప్పగా ఒక సామాన్యుడు వచ్చాడు. మూడు దినాలు అట్లాగే జరిగినది. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) అతని ఇంట మూడు రాత్రులు గడిపి పరిశీలించగా అసాధారణమైన ఆరాధన ఏదీ కనబడలేదు. చివరకు అడిగితే, ఏ ముస్లిం పట్లా తన మనస్సులో కల్మషం ఉంచుకోనని, అల్లాహ్ ఇచ్చిన మేలును చూచి ఎవరిపైనా అసూయపడనని అతడు చెప్పాడు. అదే ఆ మనిషి సిద్ధం చేసుకున్న సామగ్రి.

ప్రళయం ఎప్పుడని అడిగిన ఆ గ్రామీణుని కథకు ముగింపు ఒకటి ఉన్నది. ఏమి సిద్ధం చేశావన్న ప్రశ్నకు అతడు తలవంచి, తన వద్ద నమాజులు, ఉపవాసాలు, దానధర్మాలు అంత ఎక్కువగా లేవని, అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించటం మాత్రం ఉన్నదని విన్నవించుకున్నాడు. ఎవరిని ప్రేమించావో వారితోనే ఉంటావని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. ఇస్లాం స్వీకరించిన తరువాత ఆ మాటకు సంతోషించినంతగా తాము మరి దేనికీ సంతోషించలేదని హజ్రత్ అనస్ (ర) చెప్పారు.

ప్రేమించినవారు వస్తున్నారని తెలిస్తే తెలుగు ఇంటి ఇల్లాలు వాకిలి ఊడ్చి, కడవలో నీరు నింపి, పొయ్యి వెలిగిస్తుంది. బస్సు ఏ గంటకు వస్తుందోనని వీధి చివర వాదులాడుతూ నిలబడదు. నంద్యాల, ఆళ్లగడ్డ వీధులలో హజ్రత్ ఈసాను (అ) ప్రేమించేవారు రెండు సముదాయాలలోను ఉన్నారు. ఆయన ఎవరన్న విషయంలో వారి నడుమగల భేదాన్ని ఆయన ప్రభువే తీరుస్తాడు. అంతవరకు బాకీ చెల్లించటం, మహర్ ఇవ్వటం, సోదరి హక్కు అప్పగించటం, పొరుగువాని ఆకలి తెలుసుకోవటం, మనస్సులోని కసి కడిగివేయటం మిగిలి ఉన్నవి. అల్లాహ్ విశ్వాసులందరికీ ఆ సద్బుద్ధిని, ఆ సంసిద్ధతను, తన దర్శనభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.